ఆ ఒక్క అడుగు ఏమైందక్కా: ఒక ప్రేమ నవల రచయిత్రికి బహిరంగ లేఖ

రచయిత్రి గారికి, ఆ పుస్తకం అచ్చేసినోళ్లకు,

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నమస్కరించి రాసేది.

మీ పేరు గానీ, పుస్తకం పేరు గానీ ఇక్కడ పెడ్తలేను. రెండు భాగాలు చదివినోళ్లకు నాలుగు లైన్లు చదివితేనే తెలిసిపోతది, చదవనోళ్లకు పేరుతోటి పని లేదు. మిమ్ముల అక్కా అని పిలుస్త. మీరు నాకంటే చిన్నోళ్లో పెద్దోళ్లో తెల్వదు, కానీ వయసు తెల్వని ఆడామెను అక్క అనుడు మా దిక్కు అలవాటు. ఉత్తరం జర సూటిగ ఉంటది, ఏమనుకోవద్దు. పోతన ఊరు బమ్మెర మాకు దూరమేం కాదు. ఆయన రుక్మిణి మనసుల మాట కడుపుల దాచుకోలే, కబురు పెట్టి చెప్పింది. ఆ గాలి కొంత మాకూ తగులుతది.

నాకు హనుమకొండ చౌరస్తా దగ్గర్ల చిన్న జిరాక్స్ షాపు ఉన్నది. ఆధార్ కాపీలు, హాల్ టికెట్లు, పరీక్షలప్పుడు పిల్లల నోట్సులు. పొద్దున రష్, సాయంత్రం రష్, నడిమిట్ల రెండు మూడు గంటలు ఖాళీ. ఆ ఖాళీల చదువుత. చదువుడు మా అమ్మ నుంచి వచ్చింది. వారపత్రికల సీరియల్ వస్తే ఆ పేజీలు చింపి, వరుసగ పెట్టి, దబ్బనంతోటి కుట్టి పుస్తకం చేసేది. అద్దెకు నవలలిచ్చే దుకాణంల డిపాజిట్ కట్టి రోజుకింత అని తెచ్చి, పొయ్యి ముంగట కూసొని చదివేది, అన్నం అడుగంటేది. నేను ఇంటర్ల ఉన్నప్పుడు రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయంకు పోయి చదువుకునుడు మొదలుపెట్టిన. 1904ల పెట్టిన గ్రంథాలయం అది. అక్కడ గొప్ప గొప్ప పుస్తకాలు మస్తుగున్నయి, నేను మాత్రం ప్రేమ నవలల అరకాడనే ఉండేదాన్ని. అందుకు సిగ్గేం లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, ప్రేమ నవలలంటే చులకన ఉన్నోళ్లు రాసే ఉత్తరం కాదిది. వానల తడుసుడు, బస్సు కిటికీ కాడ చూపు కలుసుడు, నడిమిట్ల ఒక బావను తెచ్చిపెట్టి కుళ్లిచ్చుడు, ఉత్తుత్తి పెండ్లి నిజం పెండ్లి అయ్యుడు, అన్నీ నాకు ఇష్టమే. ఒకే మంచం ఉన్న గదిల ఇద్దరిని ఇరికిచ్చినా కాదనను. కథ నడవాలంటే ఏదో ఒకటి కావాలె గదా. కానీ ఒక్కటి మాత్రం నాకు సయించదు. తలకు దెబ్బ తగిలి, లోకమంతా గుర్తుండి, కట్టుకున్నదాన్ని మాత్రం మరిచిపోవుడు.

మీ మొదటి పుస్తకం గురించి ముందుగాల చెప్పాలె. లేకుంటే నా కోపం అర్థం కాదు.

మీ నాయిక వరంగల్ కొత్తవాడల జంపఖానాలు నేసే ఇంటి పిల్ల. తాత ఆజంజాహి మిల్లుల పని చేసినోడు. 1934ల మొదలైన ఆ మిల్లు మూతపడ్డంక ఇల్లు ఎట్ల గడిచిందో మీరు రెండు పేజీలల్ల చెప్పిన్రు, రెండు పేజీలకే నాకు గొంతు పట్టుకున్నది. ఎందుకంటే మా నాయిన గూడ కొత్తవాడల జంపఖానాలే నేసిండు. మీ నాయిక కండెలు చుట్టుకుంట లెక్కలు చేస్తది. పోగు తెగితే చూడకుంటనే చెయ్యి అక్కడికి పోతది. అది చూసినోళ్లే రాయగలుగుతరు. 2018ల వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఊరంత సంబురపడ్డప్పుడు, మీ పిల్ల "గుర్తింపు వచ్చింది, కూలి ఎప్పుడొస్తది?" అని అడుగుతది. ఆ మాట కాడ పుస్తకం మూసి కాసేపు రోడ్డు దిక్కు చూసుకుంట కూసున్న. ఎవరో పిల్లగాడు వచ్చి "ఆంటీ, రెండు వైపులా తీయాలె" అంటే గానీ సోయిలకు రాలే.

ఇగ కథల పిల్లగాడు, అంటే మీ నాయకుడు, కాజీపేటల అసిస్టెంట్ లోకో పైలట్. డ్యూటీ ఎప్పుడు వస్తదో తెల్వదు, నిద్ర ఎప్పుడు పడ్తదో తెల్వదు. బతుకమ్మ ముందట రాత్రంత బొగ్గు బండి నడిపి వచ్చి, ఇంటికి పోకుంట ఆమె వాకిట్ల కూసొని గునుగు పువ్వుకు రంగులద్దుతడు గదా, ఆ సీను నాకు కంఠతా వచ్చు. తంగేడు ఎవరైనా తెస్తరు. గునుగు తెచ్చి, కట్టలు కట్టి, కొసలు సమానంగ కోసి, రంగు నీళ్లల్ల ముంచి, నీడకు ఆరబెట్టుడు ఓపిక పని. ఆయన ఒక్కో కట్ట ముంచి లేపుకుంట మధ్యల కునుకు తీస్తడు, మోచేయి దాక నీలం రంగైతది. ఆమె నవ్వదు. తువ్వాల తెచ్చి పక్కన పెట్టి పోతది. తెల్లారి డ్యూటీ ఎక్కే ముందట లాబీల సైన్ ఆన్ చేసేటప్పుడు, తాగి వచ్చిన్రా అని చూసే ఊపిరి మిషన్ పట్టుకున్న చేతికి నీలం రంగు చూసి దోస్తులు "ఏందిర, చెయ్యి ఎవరికిచ్చినవ్?" అని అడుగుతరు. ముద్దు లేదు, పాట లేదు. నా షాపుకొచ్చే డిగ్రీ పిల్లలు ఆ పేజీ ఫోన్ల ఫొటో తీసుకుంటమని అడిగిన్రు.

జిరాక్స్ అనంగనే ఒక మాట. నా కాడ రెండు మిషన్లున్నయి. మీ పుస్తకం తీసియ్యమని అడిగినోళ్లు పదిమందికి తక్కువ లేరు. ఒక్క పేజీ సుత తీయలే. "కొనుక్కో, లేకుంటే నాది తీస్కపోయి వారంల తెచ్చియ్యి" అన్న. ఇప్పుడు నా పుస్తకానికి అట్ట ఊడి టేపు మీద నిలబడ్డది. లోపట బస్సు టికెట్లు, ఒకరి మందుల చీటి, ఎండిన బంతి రేకులు దొరికినయి. అంత దూరం తిరిగింది మీ కథ.

ఇగ ఆఖరి అధ్యాయం. పెండ్లి మాట వచ్చింది. ఆమె ఒక్కటే అన్నది: "మగ్గం పట్టేంత ఇల్లు చూడు, అప్పుడు మాట్లాడుదం." ఆయన కోపం తెచ్చుకోలే, త్యాగం గురించి డైలాగులు కొట్టలే. టేపు తీసుకొని తన రైల్వే క్వార్టర్ కొలిచిండు. మగ్గానికి పన్నెండు అడుగులు కావాలె. గది పదకొండే ఉన్నది. టేపు నేల మీద పెట్టి, గోడను చూసుకుంట కూసున్నడు. అక్కడ ఆపిన్రు పుస్తకం.

అక్కా, అసొంటి ముగింపు రాసిన చేతికి దండం పెట్టాలె. ఒక్క అడుగు. గవర్నమెంటు క్వార్టర్ల మగ్గానికి గుంత తవ్వనియ్యరు, గోడ కొట్టనియ్యరు. ఆమె మగ్గం ఇడువదు, ఆయన ఉద్యోగం ఇడువడు, ఇడువమని ఒకరినొకరు అడగరు గూడ. మరి ఆ అడుగు ఎక్కడి నుంచి రావాలె? రెండేండ్లు నేను, మా షాపు కాడికొచ్చే ఆడోళ్లం దీని మీద కొట్లాడుకున్నం. ఒకామె కిరాయి ఇల్లు తీసుకోవాలె అన్నది. ఒకామె మగ్గం అమ్మగారింట్లనే పెట్టి పొద్దున పోయి సాయంత్రం రావాలె అన్నది. ఇంకొకామె, ఆమెకు పెండ్లయి ఇరవై ఏండ్లు, "ఆ అడుగు ఎప్పటికీ రాదు, మీరు పిచ్చోళ్లు" అని లేచిపోయింది.

అట్ల ఎదురుచూసి, ముందుగాల పైసలు కట్టి, 350 రూపాయల పుస్తకం పార్సిల్ ఇప్పి చూస్తే ఏమున్నది? మొదటి పేజీల పెండ్లయి ఆరు నెలలైంది. మగ్గం సంగతి ఒక్క లైను: "మగ్గం పుట్టింట్లో భద్రంగా ఉంది." అయిపాయె. ఆ భద్రం ఏందో, ఎవరు ఒప్పుకున్నరో, ఎవరు ఏడ్చిన్రో లేదు. 41వ పేజీల బండి జారి ఆయన తలకు దెబ్బ. 44వ పేజీల కండ్లు తెరిచి అమ్మను గుర్తుపట్టిండు, చెల్లెను గుర్తుపట్టిండు, షెడ్డు దోస్తులను, కాజీపేట స్టేషన్ బయట చాయ్ అమ్మే ఆయనను గూడ గుర్తుపట్టిండు. పెండ్లాం దిక్కు చూసి "మీరెవరు?" అన్నడు.

నేను పుస్తకం కౌంటర్ మీద బోర్లేసిన.

ఆ తర్వాత డాక్టరు వచ్చి "ఆయనకు ఏదీ గుర్తు చేయకండి, నరాలు చిట్లిపోతాయి" అన్నడు. ఆ ఒక్క మాట పట్టుకొని రెండు వందల పేజీలు నడిపిచ్చిన్రు. ఆమె సొంత ఇంట్ల మంగళసూత్రం పైట కింద దాచుకొని, ఆయనకు పనిమనిషి లెక్క అన్నం వండి పెడ్తది. ఆయన చిన్ననాటి మరదలు సంచి సర్దుకొని వస్తది. ఆయన గునుగు పువ్వు చూసి తల పట్టుకొని "ఈ రంగు... ఎక్కడో..." అంటడు. మోచేయి దాక నీలం పూసుకొని కునుకు తీసిన మనిషి అక్కా అతను! ఆ నీలం రంగును మీరు తలనొప్పి మందు ప్రకటన చేసిన్రు.

ఒక సొంత ముచ్చట చెప్త. మా తమ్ముడు కొన్నేండ్ల కింద హనుమకొండ నుంచి కాజీపేట పోయే తొవ్వల బండి మీద నుంచి పడ్డడు. హెల్మెట్ ట్యాంకు మీద ఉన్నది, తల మీద లేదు. తెలివి వచ్చినంక మమ్ముల అందరిని గుర్తుపట్టిండు. పెండ్లయి అప్పటికి ఏడాది నిండలే, పెండ్లాన్ని గూడ పట్టిండు. కానీ "బండేది?" అని అడిగేటోడు. చెప్పేటోళ్లం. పది నిమిషాలకు మళ్ల "బండేది?" మళ్ల చెప్పేటోళ్లం. నాలుగు రోజులు అదే ప్రశ్న. మా మరదలు మొదటి రోజు ఏడ్చింది, రెండో రోజు కోపానికొచ్చింది, మూడో రోజు "నీ బండి మీ అక్క జిరాక్స్ తీస్తున్నది, రెండు కాపీలు" అని చెప్పింది. ఆయన "సరే" అని పండుకున్నడు. అక్కడున్న సిస్టరమ్మ మాకు చెప్పిందేందంటే, అడిగినప్పుడల్లా నిమ్మలంగ నిజమే చెప్పుండ్రి, ఇయ్యాల ఏ వారం, ఇది ఏ ఊరు, మీరెవరు, చెప్పుకుంటనే ఉండుండ్రి అని. దాచుమని కాదు.

పడ్డ రోజు పొద్దటి నుంచి ఏం జరిగిందో ఆయనకు ఇప్పటికీ గుర్తు లేదు. ఇగ రాదు గూడ. తలకు దెబ్బ తగిలితే సాధారణంగ పోయేది ఆ దెబ్బకు అటు ఇటు ఉన్న కాలం. దెబ్బ పెద్దదైతే అంతకు ముందటి రోజులు, నెలలు గూడ పోవచ్చు. పాతయి గట్టిగ ఉంటయి, కొత్తయి చెదురుతయి. ఒక్క మనిషిని కత్తెరేసి కోసినట్టు తీసేసుడు మాత్రం దెబ్బకు చాత కాదు. రెండోసారి కొట్టుకుంటే మళ్ల వచ్చుడు అసలే ఉండదు, ఉన్నది గూడ పోతది. మీ నవలల మేడారం జాతరల ఎత్తు బంగారం, అంటే మొక్కు బెల్లం, తూచే త్రాసు కొట్టుకొని ఆయనకు అంతా గుర్తొచ్చుడు చదివి మా తమ్ముడు పొట్ట పట్టుకొని నవ్విండు. మరదలు నవ్వలే.

మీరు అనొచ్చు, ఇది కథ, ఆస్పత్రి రికార్డు కాదు, కాళిదాసు రాయలేదా మరుపు అని. రాసిండు. నేను గూడ అక్కడికే వస్తున్న.

మహాభారతంల దుష్యంతుడు శకుంతలను మరిచిపోలే. నన్నయ తెలుగుల గూడ అంతే. ఆయనకు అన్నీ యాదికున్నయి. లోకం ఏమంటదో అని, నిండు సభల, కొడుకును పట్టుకొని నిలబడ్డ ఆడదాన్ని నువ్వెవరో తెల్వదన్నడు. అప్పుడు ఆమె పైట కింద తాళి దాచుకోలే. నూరు నూతుల కంటే ఒక బావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు మేలు, నూరుగురు కొడుకుల కంటే ఒక సత్యవాక్యం మేలు అని రాజు మొఖం మీద చెప్పింది. శివనగర్ మెట్లబావి మెట్ల మీద కూసొని మా తెలుగు సార్ ఆ పద్యం చెప్పిండు మాకు, నూతికి బావికి తేడా ఏందో కండ్లముంగట చూపిచ్చుకుంట. ఆకాశవాణి తర్వాత పలికింది. ముందు ఆమె పలికింది.

దుర్వాసుని శాపం, ఉంగరం, చేప కడుపు, ఇవి కాళిదాసు తెచ్చినయి. ఎందుకు తెచ్చిండు? రాజు మీదికి తప్పు రాకుండ. నిజంగనే మరిచిండు పాపం అని మనం జాలిపడనీకి. అంత గొప్ప కవి గనుక ఆ మరుపు లోపటి నుంచి గూడ ఎంతో బాధ తీసిండు, అది వేరే సంగతి. కానీ మరుపు పని మాత్రం అప్పటి నుంచి ఇప్పటి దాక అదే: మగోన్ని జవాబు చెప్పకుంట తప్పిచ్చుడు. మీ నవలల గూడ అదే చేసింది. మగ్గం పుట్టింట్ల ఎందుకున్నదని ఆమె అడగాల్సిన టైముకు ఆయనకు ఆమెనే గుర్తు లేదు. ఎవరిని అడుగుతది? కొట్లాట పెట్టుకునే మనిషే లేకుంట చేసిన్రు. అత్తగారు కోడలు మగ్గం గురించి ఏమనుకుంటున్నదో చెప్పాల్సిన పని తప్పింది, జీతంల ఎవరి పైసలు ఎంత అని లెక్క రాయాల్సిన పని తప్పింది. మొదటి పుస్తకంల మూడు వందల పేజీలు కష్టపడి దగ్గరికొచ్చిన ఇద్దరిని ఒక్క దెబ్బతోటి అపరిచితులను చేసి, అదే ప్రేమ మళ్ల మొదటి నుంచి చెప్పిన్రు. అది రెండో భాగం కాదక్కా, మొదటి భాగానికి జిరాక్స్. నా యాపారం అది, నాకు తెలుస్తది. టోనర్ తక్కువున్న జిరాక్స్.

మా నాయిన కాడ విన్న మాట ఒకటున్నది. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయినప్పుడు నేతగాడు పాత పోగులు తెంపి పారెయ్యడు. పాత పోగు కొసకు కొత్త పోగు కొస పురి పెట్టి కలుపుతడు, ఒక్కోటి, వందల పోగులు. నడుము ఇరుగుతది. అందుకే కోపమొస్తున్నది నాకు. కొత్తవాడను అంత మంచిగ చూసిన మీకు ఈ పని తెల్వదని నేను నమ్మను.

ఇంకో సంగతి. మీ నాయకుడు తలకు అంత దెబ్బ తగిలినంక మూడు వారాలకే ఇంజను ఎక్కిండు. రన్నింగ్ స్టాఫ్ అంటే ఎ-1 మెడికల్ ఉండాలె. రైల్వే డాక్టరు ఫిట్ అని రాసియ్యంది క్యాబ్ మెట్టు ఎక్కనియ్యరు. పెండ్లాన్ని మరిచిన మనిషికి సిగ్నళ్లు, సెక్షన్ల స్పీడు నిబంధనలు అన్నీ గుర్తున్నయన్నట్టు రాసిన్రు! మా ఎదురింటాయన కాజీపేట లోకో షెడ్డుల చేసి రిటైర్ అయిండు. ఆ పేజీ చదివి వినిపిస్తే "ఆ బండి ఎక్కకున్రి" అన్నడు.

కానీ చూడుండ్రి, నిజం రాస్తే ఎంత కథ ఉండె అక్కడ! మనిషికి అందరూ గుర్తున్నరు, పెండ్లాం అందరికంటే ముందు గుర్తున్నది. కానీ పరీక్షల ఎ-1 పోయింది. డీకేటగరైజ్ చేసి ఏదో ఆఫీసు సీటుల కూసోబెట్టిన్రు. కిలోమీటర్ల లెక్కన వచ్చే అలవెన్సు లేదు. రాత్రిపూట దూరంగ హారన్ ఇనపడితే ఏ ఇంజనో చెప్పగలిగే మనిషి, ఫైళ్లకు నంబర్లేస్తున్నడు. ఇంట్ల ఇప్పుడు ఆమె జంపఖానాల పైసలే పెద్దయి. మగ్గం పుట్టింట్ల ఉంటే నడువదు, తేవాలె. ఆ ఒక్క అడుగు ఇప్పుడు మురిపెం కాదు, అన్నం. గోడ దిక్కు చూసుకుంట కూసున్న మనిషి ఇప్పుడు ఏం చేస్తడు? ఆమె సంపాదన మీద ఇల్లు నడిస్తే ఆయన మనసుల ఏం మెదులుతది? ఆమెకు లోపటెక్కడో సంతోషం కలిగి, ఆ సంతోషానికి సిగ్గుపడితే? మీ కాడ దెబ్బ ఉన్నది, రైల్వే ఉన్నది, మగ్గం ఉన్నది, మనుషులున్నరు. అన్నీ పెట్టుకొని మరదలును పిలిచిన్రు.

చిన్న చిన్న తప్పులు గూడ ఉన్నయి, మొదటి పుస్తకంల ఒక్కటీ దొరకలే గనుక చెప్తున్న. మొదటి భాగంల వాళ్లు మొక్కుకున్నది 2022 జాతరల అని మీరే రాసిన్రు. రెండో భాగంల సరిగ్గ ఏడాది తిరిగినంక మళ్ల చిలుకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి గద్దె మీదికి వస్తది. రెండేండ్లకోసారి వచ్చే తల్లిని మీ కథ కోసం ఏడాదికే తోలుకొచ్చిన్రా? 2023ల జరిగింది మినీ జాతర, దానికీ దీనికీ తేడా మా ఇంటి చిన్న పిల్లలకు గూడ ఎరుకే. వరంగల్ అర్బన్ జిల్లా అని రాసిన్రు, అది 2021లనే హనుమకొండ జిల్లా అయింది. ఇవి సరే, దిద్దుకుంటరు.

దిద్దుకోరాని తప్పు భాషది. మొదటి పుస్తకంల మీ పిల్ల "నేను రాను, నువ్వే రా" అంటే ఆ రాకల మా వాడ ఇనపడేది. రెండో దాంట్ల అందరు "నువ్వు నన్ను మర్చిపోయావా? మన జ్ఞాపకాలు నీకు గుర్తులేవా?" అని మాట్లాడుతరు. నాయకునికి దెబ్బ తగిలితే మరుపొచ్చింది సరే, కొత్తవాడ అంతటికీ ఒక్కసారే తలకు దెబ్బ తగిలిందా? కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని భాషా దినం చేసుకొని మురిసే ఊరు మాది. ప్రచురణకర్తలకు ఒక మాట: "అన్ని ప్రాంతాల వాళ్లకు అర్థం కావాలి" అని మీరే మార్పిచ్చిన్రా? అయితే ఈ పేరా మీకు. మొదటి పుస్తకం అన్ని దిక్కులా అర్థమైంది గదా, అందుకే గదా రెండోది వేసిన్రు.

ఇగ ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాస్తున్ననంటే, రెండో భాగం ఆఖరి పేజీల నాయిక మెట్ల మీద కాలు జారుతది, కింద "మూడో భాగంలో..." అని మూడు చుక్కలు పెట్టిన్రు. నాకు భయం పుట్టింది. ఈసారి ఆమె వంతా? ఆమె లేచి "మీరెవరు?" అంటే, వొట్టేసి చెప్తున్న, మూడో పుస్తకం నేను కొనను. కొనకపోవుడే కాదు, అడిగినోళ్లకు జిరాక్స్ తీసిస్త. (తీయను. కోపానికి అన్న.)

ఆమె మెట్ల మీద జారితే జారనియ్యుండ్రి. కాలు ఇరగనియ్యుండ్రి. మగ్గం తొక్కే కాలు ఇరిగితే ఆ ఇంట్ల ఏమైతదో రాయుండ్రి, ఆయన వచ్చి ఆమె పక్కన కూసొని కండెలు చుట్టనియ్యుండ్రి, వంకర టింకరగ. తల మాత్రం ముట్టకుండ్రి.

మొదటి పుస్తకం నేను మా నాయినకు చదివి వినిపిచ్చిన. ఇప్పుడు ఆయనకు కండ్లు సరిగ ఆనుతలేవు. రోజూ సాయంత్రం షాపు కాడికి వచ్చి స్టూల్ మీద కూసుంటే, గిరాకీ లేనప్పుడు రెండు రెండు పేజీలు చదివేదాన్ని, నలభై రోజులు పట్టింది. ప్రేమ సీన్లు వస్తే నేను గబగబ చదివేది, ఆయన రోడ్డు దిక్కు చూసేది. మగ్గం ముచ్చట వస్తే "మళ్లొకసారి చదువు" అనేటోడు. ఆఖరి పేజీ చదివినంక చాలాసేపు ఏమనలే. షట్టర్ దించేటప్పుడు "రెండోది వస్తే చెప్పు బిడ్డా" అన్నడు.

రెండోది వచ్చిందని నేను ఇప్పటికీ చెప్పలే. పుస్తకం ఎ4 పేపర్ బండిళ్ల కింద పెట్టిన. మొన్న సద్ది తినుకుంట ఆయనే తీసిండు ముచ్చట. ఇన్ని రోజులు మనసుల కొలుచుకుంటనే ఉన్నడట. పదకొండు అడుగుల గదిల పన్నెండు అడుగుల మగ్గం నిలువుగ పట్టదు, మూలకు మూల ఏటవాలుగ వేస్తే పట్టొచ్చు అన్నడు. కొత్తవాడల ఆయన పెండ్లైన కొత్తల మా తాత ఇంట్ల అట్లనే వేసుకున్నడట. మరి మంచం ఎక్కడ వేసుకున్నరే అని నేను అడిగిన. మా అమ్మ ఉన్నట్టయితే నవ్వేది. ఆయన మాత్రం తల అడ్డంగ ఊపి, "నిడివి చెప్పింది గానీ గది వెడల్పు చెప్పలే ఆమె. వెడల్పు తెలిస్తే చెప్పగలుగుత" అన్నడు.

మొదటి పుస్తకం మొత్తం మళ్ల తిరగేసిన. నిజమే, ఆ గది వెడల్పు ఎక్కడా లేదు. ఎంతనో రాయుండ్రి అక్కా. ఆయన అడుగుతున్నడు.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక జిరాక్స్ షాపు ఆమె